పారిస్‌లో ప్రైవేటు స్కూలా, గ్రెనోబుల్‌లో యూనివర్సిటీయా? అమ్మాయి ఎంఎస్ గురించి సలహా కావాలి

కాకినాడ_నాన్న | 8 నవంబరు 2025

అందరికీ నమస్కారమండీ. మా అమ్మాయి ఈ ఏడాదే ఈసీఈలో బీటెక్ పూర్తి చేసింది. అమెరికా వీసాల సంగతి చూస్తూనే ఉన్నారు కదా, అందుకని వచ్చే సెప్టెంబరుకి ఫ్రాన్స్ అనుకుంటున్నాం. ఇక్కడొక కన్సల్టెన్సీ వాళ్లు పారిస్‌లో ఒక ప్రైవేటు స్కూలు చూపించారు. డేటా సైన్స్‌లో ఎంఎస్సీ, ఏడాదికి 12,500 యూరోలు. ఫ్రెంచ్ రాకపోయినా పర్వాలేదట, పార్ట్‌టైమ్ ఉద్యోగం గ్యారంటీ అట, చదువయ్యాక రెండేళ్లు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చట. అమ్మాయేమో గ్రెనోబుల్ అనే ఊళ్లో ప్రభుత్వ యూనివర్సిటీలో నానో ఎలక్ట్రానిక్స్ చదువుతానంటోంది. అక్కడ ఫీజు దాదాపు నాలుగు వేల యూరోలే. మూడో వంతు డబ్బుకి చెప్పే చదువు ఎలా ఉంటుందోనని నా అనుమానం. ఆ ఊరి పేరు కూడా మా వైపు ఎవరూ విన్నది కాదు. ఇల్లు తనఖా పెట్టి లోను తీసుకుంటున్నాను. తెలిసినవారు చెప్పండి.

తులూజ్_శీను

సార్, ఫీజు, ఊరు, ర్యాంకు అన్నీ పక్కన పెట్టండి. ఆ స్కూలు చివర్లో ఏ రకం డిప్లొమా ఇస్తుందో అది అడగండి ముందు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం ఇచ్చే మాస్టర్ డిగ్రీ వేరు, స్కూళ్లు తమంతట తాము పెట్టుకునే ఎంఎస్సీ, మాస్టేర్, ఎంబీఏ పేర్లు వేరు. చాలా ప్రైవేటు కోర్సులు ఆర్‌ఎన్‌సీపీ అనే జాతీయ జాబితాలో ఉంటాయి. బ్రోషర్‌లో 'ప్రభుత్వ గుర్తింపు, లెవెల్ 7' (అంటే మాస్టర్ స్థాయి) అని పెద్దక్షరాలతో వేసేది దాన్నే. అబద్ధం కాదు. కానీ ఆ గుర్తింపు ఒక వృత్తి నైపుణ్యానికి. దాంతో యూనివర్సిటీ మాస్టర్‌తో సమానం అయిపోదు.

తేడా ఎక్కడ కొడుతుందంటే, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి ఇచ్చే పర్మిట్ దగ్గర. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని ఏపీఎస్ అనే అంటారు. అది రావాలంటే మామూలుగా మాస్టర్ డిగ్రీ ఉండాలి, లేదా 'గ్రాద్ ద మాస్టర్' (ప్రభుత్వం ఇచ్చే మాస్టర్ హోదా) ఉన్న డిప్లొమా ఉండాలి (ఇంజినీర్ డిప్లొమాలకు ఇది ఉంటుంది), లేదా కోన్ఫెరాన్స్ దె గ్రాంద్ ఎకోల్ (పేరున్న స్కూళ్ల సంఘం) లేబుల్ ఉన్న ఎంఎస్సీ అయినా ఉండాలి. ఉత్త ఆర్‌ఎన్‌సీపీ టైటిల్‌తో రాదు. 'రెండేళ్లు ఉండొచ్చు' అన్న మాట నిజమే. 2018లో భారత్, ఫ్రాన్స్ చేసుకున్న ఒప్పందం వల్ల మనవాళ్లకు 12 నెలలిచ్చి ఇంకో 12 నెలలు పొడిగిస్తారు. సరైన డిప్లొమా ఉన్నవాళ్లకే గానీ, ఆ షరతు మీ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పి ఉండరు.

పారిస్_పప్పన్నం

శీను చెప్పింది కరెక్టే. అలాగని బిజినెస్ స్కూళ్లన్నీ బోగస్ అనుకోవద్దు సార్. హెచ్‌ఈసీ, ఎస్సెక్ లాంటి చోట్ల ఫీజు వాచిపోతుంది, అయినా ఆ డిగ్రీకి విలువ ఉంది. సమస్యంతా మధ్యలో పుట్టుకొచ్చినవాటితో. పారిస్ శివార్లలో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో రెండు అంతస్తులు అద్దెకు తీసుకుంటారు. క్లాసులో ముప్పావు మంది మన దేశం వాళ్లే, వారానికి రెండు రోజులే పాఠాలు. నేను చదివింది ప్రభుత్వ యూనివర్సిటీలోనే గానీ, మా రూమ్మేట్ అలాంటి స్కూల్లో చేరాడు. లైబ్రరీ ఏదిరా అంటే వాడు వైఫై పాస్‌వర్డ్ చూపించాడు.

రాజమండ్రి_టు_సెర్జీ

అందరూ పారిస్‌ని తిట్టేస్తున్నారు. ఉద్యోగాలున్నది ఇక్కడే కదా? ఐటీ అయితే లా దెఫాన్స్ అనే ఆఫీసుల ప్రాంతంలో ఉన్నన్ని కంపెనీలు ఇంకో ఊళ్లో లేవు. తెలుగువాళ్లు దొరుకుతారు, గార్ దు నార్ వెనకాల లా షపెల్ వెళ్తే శ్రీలంక తమిళుల కొట్లలో కరివేపాకు, మునక్కాడలు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి. ఆడపిల్ల ఒంటరిగా కొండల మధ్య ఊళ్లో ఎందుకు?

యానాం_బుల్లోడు

కరివేపాకు కోసం 12,500 యూరోలా బాబూ 😀

కాకినాడ సార్ మనకి పక్క ఊరే కాబట్టి చెప్తున్నా. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనే. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల పిల్లలు కూడా అక్కడికెళ్తే మామూలు యూనివర్సిటీల్లోనే చేరతారు, ఎవరూ నామోషీగా అనుకోరు. మన దగ్గరేమో కార్పొరేట్ కాలేజీలకు అలవాటుపడి, ఫీజు ఎక్కువుంటేనే చదువు బాగుంటుందని మైండ్ సెట్ అయిపోయింది. అక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. ఎకోల్ పోలిటెక్నిక్ ఎంత పెద్ద పేరు? అది రక్షణ శాఖ కింద ఉన్న ప్రభుత్వ సంస్థే.

తులూజ్_శీను

ఫీజు ఎందుకు తక్కువో కూడా చెప్తా, సార్‌కి అనుమానం తీరుతుంది. చదువు ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తుంది. ఈ ఏడాది ఫ్రెంచ్ విద్యార్థి మాస్టర్‌కి కట్టేది 254 యూరోలు. ఒకప్పుడు మనకీ అదే ఉండేది. 2019లో యూరప్ బయటివాళ్లకు ఫీజు వేరు చేశారు, అప్పుడు మాస్టర్‌కి 3,770 పెట్టారు, ఈ ఏడాదికి 3,941 అయింది. విద్యార్థి సంఘాలు కోర్టుకి కూడా వెళ్లాయి గానీ ఫీజు నిలబడింది. అయితే కొన్ని యూనివర్సిటీలు తమ చేతిలో ఉన్న మినహాయింపులు వాడి, కొందరికి ఫ్రెంచ్ వాళ్ల ఫీజే వేస్తాయి. 'ఎక్సొనెరాసియోఁ' (మినహాయింపు) అనే మాట యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వెతకమనండి అమ్మాయిని. దొరికితే నాలుగు లక్షలు కాస్తా పాతిక వేలవుతుంది.

ఫీజుతో పాటు సీవీఈసీ అని విద్యార్థి సేవల రుసుము ఇంకోటి ఉంటుంది, ఈ ఏడాది 105 యూరోలు. ఆ రసీదు లేకుండా అడ్మిషన్ పూర్తి కాదు.

స్టడీ_ఫ్రాన్స్_ఎక్స్‌పర్ట్స్

[నిర్వాహకుడు: ప్రకటన, ఫోన్ నంబరు తీసేశాం. కన్సల్టెన్సీలు ఈ వేదికలో ప్రచారం చేసుకోకూడదు. ఇది రెండో హెచ్చరిక.]

గ్రెనోబుల్_అక్క

కాకినాడ గారూ, ఇప్పుడే చూశాను. నేనిక్కడే మాస్టర్ చేసి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ఊరి పేరు వినలేదన్నారు. చిప్‌ల రంగంలో ఉన్నవాళ్లెవరినైనా అడగండి, వినే ఉంటారు. ఊళ్లోనే సీఈఏ-లేటి అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. కొద్ది దూరంలో క్రోల్‌లో ఎస్‌టీ మైక్రో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ, ఆ పక్కన బెర్నాఁలో సోయ్‌టెక్. ఆ సోయ్‌టెక్ కూడా లేటి నుంచి పుట్టిన కంపెనీయే. మీ అమ్మాయి చదవాలనుకునే సబ్జెక్టుకి ఫ్రాన్స్‌లో ఇంతకంటే మంచి ఊరు లేదు. ఏరికోరి ఈ ఊరు పట్టుకుందంటే తను బాగానే వెతికింది.

ఆడపిల్ల ఒంటరిగా అన్నారు కదా. ట్రామ్‌లున్నాయి, ఊరంతా చదునుగా ఉంటుంది, సగం మంది సైకిల్ మీదే తిరుగుతారు. చుట్టూ కొండలు, అవి చూసి కళ్లు తిప్పుకోలేం. గాలి మాత్రం వాటి మధ్య ఇరుక్కుపోతుంది. చలికాలంలో పొగమంచు, జూలైలో మన రోహిణి కార్తె గుర్తొస్తుంది, రూముల్లో ఏసీలుండవు. అన్ని ఊళ్లలాగే ఇక్కడా రాత్రిపూట వెళ్లకూడని వీధులు కొన్ని ఉన్నాయి, అవి వచ్చాక సీనియర్లు చెప్తారు.

చదువు గురించి. మార్కులు ఇరవైకి వేస్తారు. పది పాస్, పన్నెండు ఫర్వాలేదు, పద్నాలుగంటే బాగా వచ్చినట్టు, పదహారు దాటితే చాలా గొప్ప. మా బ్యాచ్‌లో బీటెక్ అంతా తొమ్మిది పైన సీజీపీఏతో వచ్చిన అమ్మాయి మొదటి సెమిస్టర్లో 12.4 చూసి ఏడ్చేసింది. క్లాసులో తనది మూడో స్థానం అని తర్వాత తెలిసింది. మీ అమ్మాయి ఫోన్ చేసి పదమూడు వచ్చిందంటే కంగారు పడకండి.

రెండో ఏడాది చివర్లో ఆరు నెలల 'స్టాజ్' ఉంటుంది, అంటే ఇంటర్న్‌షిప్. రెండు నెలలు దాటితే డబ్బులివ్వడం చట్ట ప్రకారం తప్పనిసరి. ఈ ఏడాది కనీసం గంటకు 4.35 యూరోలు, పెద్ద కంపెనీలు ఇంకా ఎక్కువే ఇస్తాయి. నూటికి తొంభై ఉద్యోగాల దారి ఈ స్టాజ్ దగ్గరే తేలుతుంది. ఇంకొక సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. చిప్ ల్యాబ్‌లలో చాలావాటికి రక్షణ రీత్యా ఆంక్షలుంటాయి, జెడ్‌ఆర్‌ఆర్ అంటారు. అందులో అడుగు పెట్టాలంటే మంత్రిత్వ శాఖ నుంచి అనుమతి రావాలి, దానికి రెండు నెలల దాకా పడుతుంది. ఫిబ్రవరిలో మొదలయ్యే స్టాజ్‌కి డిసెంబరులో ఆఫర్ వస్తే టెన్షనే. అందుకని సెప్టెంబరు, అక్టోబరులోనే వెతకడం మొదలుపెట్టాలి.

హన్మకొండ_టు_లిల్

సార్, గ్యారంటీ ఉద్యోగం మాట నమ్మకుండ్రి. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 964 గంటలే పని చేయనిస్తరు, అంటే వారానికి ఇరవై గంటలు కూడా పూర్తిగా రావు. కనీస వేతనం చేతికి గంటకు 9.40 యూరోల దాకా వస్తుంది. లెక్కకైతే బాగానే ఉంటది. కానీ ఫ్రెంచ్ రాకపోతే ఎవరు తీసుకుంటరు? డెలివరీ యాప్‌లు అంటరేమో, అవి సొంత వ్యాపారం కింద లెక్క, స్టూడెంట్ రెసిడెన్స్ కార్డు మీద చేయరాదు. వేరేవాళ్ల అకౌంట్ అద్దెకు తీసుకుని చేసేటోళ్లున్నరు. దొరికితే కార్డు రెన్యువల్ గోవిందా.

ఖర్చు సంగతి. వీసాకు నెలకు 615 యూరోల లెక్కన చూపిస్తే చాలంటరు. జర్మనీ లెక్క బ్లాక్‌డ్ అకౌంట్ పెట్టాల్సిన పని లేదు. కానీ 615తో బతుకుడు కష్టం. లిల్‌లో నాకు క్రూస్ (ప్రభుత్వ విద్యార్థి సేవల సంస్థ) హాస్టల్ దొరికింది కాబట్టి సరిపోయింది: తొమ్మిది చదరపు మీటర్ల రూము, అందులోనే బాత్రూము, ఫ్లోర్‌కు ఒక వంటగది. మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్‌లో 3.30 యూరోలకు ఫుల్ ప్లేటు. ప్రైవేటు రూమైతే పారిస్ బయటి ఊళ్లలో మొత్తం కలిపి 800-900, పారిస్‌లో ఇంకా మూడు నాలుగొందలు ఎక్కువ చూసుకోండ్రి. సీఏఎఫ్ అని ఇంటద్దె సాయం ఉంటది, కన్సల్టెన్సీలు దాన్ని కూడా మీ ఆదాయంలో కలిపి చూపిస్తరు. స్కాలర్‌షిప్ లేని యూరప్ బయటి విద్యార్థులకు అది ఆపాలని ఈ అక్టోబరులో పెట్టిన బడ్జెట్ బిల్లులో ఉంది. అది రాదనుకునే లెక్క వేసుకోండ్రి, వస్తే మంచిదే.

రాజమండ్రి_టు_సెర్జీ

964 గంటల సంగతి ఒప్పుకుంటా. కానీ ఫ్రెంచ్ రాకపోతే గ్రెనోబుల్‌లో మాత్రం ఎవరు పని ఇస్తారు?

గ్రెనోబుల్_అక్క

ఇవ్వరు. ఎక్కడైనా ఫ్రెంచ్ కావాల్సిందే. కోర్సు ఇంగ్లీషులో ఉండొచ్చు, ల్యాబ్ మీటింగ్ ఇంగ్లీషులో జరగొచ్చు. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర అందరూ ఫ్రెంచ్‌లోకి మారిపోతారు, గంటన్నర కూర్చుంటారు. ప్రాజెక్టు ఎవరికి ఇవ్వాలో అక్కడే తేలుతుంది. వచ్చేలోపు ఫ్రెంచ్‌లో ఏ2 (ప్రాథమిక స్థాయి), మొదటి ఏడాది చివరికి బీ1 (దాని పై స్థాయి) వస్తే చాలా మేలు. హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో క్లాసులుంటాయి.

విజయవాడ_వంశీ

ఇంటర్‌లో సంస్కృతం బదులు ఫ్రెంచ్ తీసుకుని నూటికి 97 తెచ్చుకున్నాను. లియోన్‌లో దిగాక బేకరీ ఆవిడ 'ఇంకేమైనా కావాలా' అని అడిగితే నా పేరు చెప్పాను. మార్కుల ఫ్రెంచ్‌ని నమ్ముకోకండి.

ఈసీఈ_పాపాయి

నమస్తే అందరికీ. మీరు మాట్లాడుకుంటున్న అమ్మాయిని నేనే 🙈 నాన్న ఇక్కడ రాసినట్టు నాకు చెప్పలేదు, యూజర్ పేరు చూసి పట్టేశాను.

గ్రెనోబుల్ అక్కా, థాంక్యూ. మీరు చెప్పిన జెడ్‌ఆర్‌ఆర్ సంగతి నాకు అస్సలు తెలియదు. రెండు డౌట్లు. ఒకటి, వీసాకి ముందు క్యాంపస్ ఫ్రాన్స్ (ఫ్రాన్స్ చదువుల ప్రభుత్వ సంస్థ) ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? రెండోది, స్కాలర్‌షిప్‌కి ఇంకా టైమ్ ఉందా?

గ్రెనోబుల్_అక్క

హాయ్ చెల్లీ! పట్టేశావుగా నాన్నని 😀

ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే. సబ్జెక్టు ప్రశ్నలు పెద్దగా ఉండవు. ఈ కోర్సే ఎందుకు, ఈ ఊరే ఎందుకు, చదివాక ఏం చేస్తావు, డబ్బులెక్కడివి. బట్టీ పట్టి వచ్చేవాళ్లని ఇట్టే కనిపెడతారు. నీ బీటెక్ ప్రాజెక్టుకీ ఈ కోర్సులోని ఒక సబ్జెక్టుకీ ఉన్న సంబంధం నీ మాటల్లో చెప్పు చాలు. కోర్సులో ఉన్న సబ్జెక్టుల పేర్లు తెలియకుండా మాత్రం వెళ్లకు. 'ఫ్రాన్స్ అందమైన దేశం' అనొద్దు, ఆ వాక్యం వాళ్లు రోజూ వింటుంటారు.

స్కాలర్‌షిప్‌లు. ఐఫెల్ అనే ఫ్రెంచ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి నువ్వు నేరుగా అప్లై చేయలేవు, యూనివర్సిటీ నీ పేరు పంపాలి, వాళ్ల గడువు జనవరి మొదట్లో ముగుస్తుంది. కాబట్టి ఈ వారమే కోర్సు కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టు. ఎరాస్మస్ ముండుస్ (యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే) కోర్సులు కూడా చూడు, వాటికి నెలకు 1,400 యూరోలిస్తారు, పోటీ విపరీతం. మన దేశం వాళ్ల కోసమే షార్పాక్ ఉంది, 1992లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న జార్జ్ షార్పాక్ పేరు మీద. క్యాంపస్ ఫ్రాన్స్ ఇండియా సైట్ చూస్తూ ఉండు.

కాకినాడ_నాన్న

అందరికీ కృతజ్ఞతలండీ. మా అమ్మాయి ఇక్కడికీ వచ్చేసింది. శీను గారూ, మీరు చెప్పినట్టు ఆ కన్సల్టెన్సీకి ఫోన్ చేసి 'గ్రాద్ ద మాస్టర్ ఉందా' అని అడిగాను. ముందు అర్థం కానట్టు మాట్లాడారు. తర్వాత 'లెవెల్ 7 ఉంది కదా సార్, అదే ఇది' అన్నారు. ఇంకోసారి గట్టిగా అడిగితే మేనేజరు మాట్లాడతారన్నారు. మేనేజరు ఇంకా మాట్లాడలేదు.

ఇంకో ప్రశ్న. ఇల్లు ఎలా దొరుకుతుంది? ఇక్కడి నుంచే అడ్వాన్సు పంపించాలా?

పారిస్_పప్పన్నం

ఒక్క రూపాయి కూడా పంపొద్దు సార్! ఇంటర్నెట్‌లో సిటీ మధ్యలో అందమైన ఫ్లాటు, 400 యూరోలు, ఓనరు ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్‌లో పంపుతాడు: ఈ కథ ప్రతి ఆగస్టులో ఎవరో ఒకరు నమ్ముతారు. ముందు క్రూస్ హాస్టల్‌కి ప్రయత్నించాలి, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు ద్వారా. దొరక్కపోతే మొదటి కొద్ది వారాలకు హాస్టలో, సీనియర్ల గదో చూసుకుని, కళ్లతో చూశాకే ఇల్లు.

ఓనర్లు ఫ్రాన్స్‌లో జీతం వచ్చే పూచీదారుని అడుగుతారు. మీరు పనికిరారు, మీ జీతం ఎంతైనా సరే. దానికి విసాల్ అనే ప్రభుత్వ మద్దతున్న ఉచిత గ్యారంటీ ఉంది, అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే తీసుకోవాలి. ఫర్నిచర్ ఉన్న ఇంటికి డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదు. దిగేటప్పుడు 'ఎతా దె లియో' అని గోడల మీద గీతలతో సహా రాసుకునే కాయితం ఉంటుంది. ప్రతి మూలా ఫొటో తీసి పెట్టుకోవాలి. నా స్నేహితుడి డిపాజిట్‌లో సగం ఒక కుళాయి మీద పోయింది. వాడు దిగకముందే అది కారుతోంది, కానీ కాయితంలో రాయలేదు.

హన్మకొండ_టు_లిల్

వచ్చినాక మూడు నెలల లోపల వీసాను ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలె, నేను చేసినప్పుడు 50 యూరోలు. అది మరిచిపోతే ఇక్కడ ఉండుడే చెల్లదు. రెండో ఏడాదికి కార్డు రెన్యువల్ గడువు తీరడానికి నాలుగు నుంచి రెండు నెలల ముందు పెట్టాలె. ఫైల్ పెట్టినాక ఎప్పుడు తేలుతదో ప్రిఫెక్చర్‌ను (జిల్లా ప్రభుత్వ ఆఫీసును) బట్టి. మా దగ్గర నెలలకు నెలలు పట్టింది, అక్క పెళ్లికి టికెట్ కొనుక్కుని కూడా పోలేకపోయిన. రెండో ఏడాది సెలవుల టికెట్ చేతికి కార్డు వచ్చేదాకా కొనకు చెల్లె.

గ్రెనోబుల్_అక్క

హెల్త్ ఇన్సూరెన్స్ కోసం ఇక్కడ డబ్బు కట్టించుకునే ఏజెంట్లున్నారు, అది కూడా చెప్పాలి. స్టూడెంట్లకు సెక్యురితే సోసియాల్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) రిజిస్ట్రేషన్ ఉచితం. డాక్టరుకి 30 యూరోలిస్తే 19 వెనక్కి వస్తాయి, ముందు ఆ బీమాలో మెడెసాఁ త్రెతాఁగా, అంటే మన రెగ్యులర్ డాక్టరుగా, ఒకరిని నమోదు చేసుకుని ఉండాలి. మిగతాదానికి ముట్యుయెల్ అనే అదనపు పాలసీ, కావాలంటేనే. ఆ బీమా పర్మనెంట్ నంబరు రావాలంటే మాత్రం బర్త్ సర్టిఫికెట్ కావాలి. చెల్లీ, నీది ఎలా ఉంది?

ఈసీఈ_పాపాయి

అక్కా, అందులో ఒక్క పేరే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే 😐

గ్రెనోబుల్_అక్క

మనవాళ్లలో సగం మందికి ఇదే గొడవ. ఇప్పుడే మున్సిపాలిటీలో దిద్దించుకో, పాస్‌పోర్టులో ఉన్నట్టు ఒక్క అక్షరం తేడా లేకుండా. అమ్మా నాన్నల పేర్లు కూడా చూసుకో. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ (వేరే దేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర). ఫ్రెంచ్ అనువాదం ఇక్కడికొచ్చాక చేయించు. ఇక్కడి కోర్టు జాబితాలో ఉన్న అనువాదకులు చేసిందైతే పేచీ ఉండదు. ఆగస్టులో మొదలుపెడితే అవ్వదు, ఇప్పుడు నవంబరు కాబట్టి హాయిగా అవుతుంది.

కాకినాడ_నాన్న

సోమవారం మున్సిపల్ ఆఫీసుకి నేనే వెళ్తానండీ. ఒక చిన్న విషయం, ఇంతకుముందు రాయలేదు. ఆ కన్సల్టెన్సీకి ముప్పై వేలు అడ్వాన్సు కట్టాను. వెనక్కి ఇస్తారంటారా?

ఈసీఈ_పాపాయి

నాన్నా!!

యానాం_బుల్లోడు

రసీదు ఉందా సార్?

కాకినాడ_నాన్న

ఉందండీ. 'నాన్ రిఫండబుల్' అని కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఇప్పుడే చూశాను.

తులూజ్_శీను

అయినా వదలొద్దు సార్. డబ్బు మాట ఇంకా ఎత్తకండి. ముందు వాట్సాప్‌లో ఒకే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా పెట్టండి: ఈ కోర్సు చదివితే ఏపీఎస్ వస్తుందా, అవునా కాదా. 'అవును' అని రాస్తే తప్పుడు సమాచారం ఇచ్చారని వినియోగదారుల కమిషన్‌కి చూపించడానికి పనికొస్తుంది. 'కాదు' అని రాస్తే మీకు ముందు చెప్పింది వేరని వాళ్లే ఒప్పుకున్నట్టు. జవాబు రాగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి, డిలీట్ చేసేస్తారు.